వర్చువల్ మెషీన్ల ఇంటరప్ట్ కోడ్‌లో కామెంట్లు ఎందుకు పాతబడతాయి, పాతబడితే ఏమవుతుంది

క్లుప్తంగా: వర్చువల్ మెషీన్‌కు ఇంటరప్ట్ (చేస్తున్న పనిని ఆపి తన వైపు చూడమని ప్రాసెసర్‌కు వచ్చే సంకేతం) అందించే కోడ్‌లో ఏ పని ముందు, ఏ పని తర్వాత అన్న క్రమమే ప్రాణం. ఆ క్రమానికి కారణం చాలాచోట్ల కామెంట్‌లో, అంటే కోడ్ పక్కన మనుషుల కోసం రాసే వివరణలో, తప్ప ఇంకెక్కడా రాసి ఉండదు. హార్డ్‌వేర్ మారినప్పుడు, ఫంక్షన్ల పేర్లు మారినప్పుడు కోడ్‌ను దిద్దుతారు కానీ పక్కనున్న కామెంట్ అలాగే మిగిలిపోతుంది. దాని నష్టం ఆ రోజు బయటపడదు. ఆ మాటను నమ్మి తర్వాత ఎవరో చేసిన మార్పులో బయటపడుతుంది.

హనుమకొండలో కూర్చుని ఒక ఇంజినీరింగ్ విద్యార్థి గంటల లెక్కన అద్దెకు తీసుకునే సర్వర్ చాలా సందర్భాల్లో విడి యంత్రం కాదు, ఒక పెద్ద యంత్రంలో సాఫ్ట్‌వేర్ సృష్టించిన వర్చువల్ మెషీన్. అలాంటి మెషీన్లను నడిపే సాఫ్ట్‌వేర్‌ను హైపర్‌వైజర్ అనీ, లోపల నడిచే మెషీన్‌ను గెస్ట్ అనీ, దాన్ని మోసే యంత్రాన్ని హోస్ట్ అనీ అంటారు. అమెజాన్ క్లౌడ్ విభాగం 2022 నవంబరులో హైదరాబాద్ రీజియన్‌ను ప్రారంభించింది. ఆ సంస్థ వాడే నైట్రో హైపర్‌వైజర్‌కు మూలం లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగమైన కెర్నల్‌లోని కేవీఎం సాంకేతికత. 2007 ఫిబ్రవరిలో విడుదలైన లినక్స్ 2.6.20తో కెర్నల్‌లో భాగమైన కేవీఎం సోర్స్ అందరికీ తెరిచి ఉంది. వరంగల్ ఎన్ఐటీ విద్యార్థులైనా, కాకతీయ విశ్వవిద్యాలయ పరిధిలోని కళాశాలల వారైనా, మడికొండ ఐటీ పార్కులో ఉద్యోగం చేసేవారైనా దాన్ని చదవవచ్చు, మార్పు చేసి దాన్ని ప్యాచ్‌గా పంపవచ్చు. అలా చదవడం మొదలుపెట్టిన వారికి త్వరలోనే ఒక చిక్కు ఎదురవుతుంది. కామెంట్ ఒకటి చెబుతుంది, కింద కోడ్ మరొకటి చేస్తున్నట్టు కనిపిస్తుంది. దేన్ని నమ్మాలన్నది మొదటి సందేహం. కామెంట్‌ను మాత్రమే దిద్దే ప్యాచ్‌కు విలువ ఉంటుందా అన్నది రెండోది. ఈ రెండింటికీ సమాధానం ఇంటరప్ట్ గెస్ట్‌కు ఎలా చేరుతుందో చూస్తే తప్ప తెలియదు.

ఇంటరప్ట్ గెస్ట్‌కు చేరే దారి

మామూలు కంప్యూటర్‌లో నెట్‌వర్క్ కార్డుకు డేటా రాగానే అది ప్రాసెసర్‌కు ఇంటరప్ట్ పంపుతుంది. ఎక్స్86 ప్రాసెసర్లలో ప్రతి కోర్‌కూ లోకల్ ఏపిక్ అనే ఇంటరప్ట్ కంట్రోలర్ ఉంటుంది. ఇంటరప్ట్‌లను గుర్తించే సంఖ్యలైన మొత్తం 256 వెక్టర్లలో మొదటి 32 ప్రాసెసర్ సొంత అవసరాలకు కేటాయించినవి, మిగిలినవి పరికరాలకూ ఆపరేటింగ్ సిస్టమ్‌కూ అందుబాటులో ఉంటాయి. వచ్చిన ఇంటరప్ట్ ముందు ఐఆర్‌ఆర్ అనే 256 బిట్ల రిజిస్టర్‌లో నమోదవుతుంది. ప్రాసెసర్ దాన్ని స్వీకరించగానే ఐఎస్‌ఆర్ అనే మరో రిజిస్టర్‌లోకి మారుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్ పని ముగిసిందని తెలిపే ఈఓఐ రాసినప్పుడు అక్కడి నుంచి తొలగిపోతుంది.

గెస్ట్‌కు నిజమైన ఏపిక్‌ను అప్పగించరు. హైపర్‌వైజర్ 4 కేబీల మెమరీ పేజీలో దాని నమూనాను నిలిపి, అసలు ఏపిక్ ఎలా ప్రవర్తిస్తుందో అలాగే దాన్ని నడిపిస్తుంది. గెస్ట్‌కు ఇంటరప్ట్ అందించాలంటే ముందు నమూనా ఐఆర్‌ఆర్‌లో బిట్ పెట్టాలి. వర్చువల్ ప్రాసెసర్, అంటే వీసీపీయూ, అప్పటికే గెస్ట్ కోడ్‌ను నడుపుతుంటే దాన్ని బయటకు రప్పించాలి. గెస్ట్ ఇంటరప్ట్‌లను ఆపుకుని ఉందా లేదా చూడాలి. ఆపుకోకపోతే, ఇంటెల్ ప్రాసెసర్లలో, వీఎంసీఎస్ అనే నియంత్రణ నిర్మాణంలోని ఒక 32 బిట్ల ఫీల్డ్‌లో వెక్టర్ సంఖ్యను రాసి, అది చెల్లుతుందని తెలిపే 31వ బిట్‌ను పెట్టి, గెస్ట్‌లోకి మళ్లీ ప్రవేశించాలి. ఆపుకుని ఉంటే, గెస్ట్ తలుపు తెరవగానే తనకు కబురు రావాలని ప్రాసెసర్‌ను కోరి ఎదురుచూడాలి.

ఇంతటితో అయిపోదు. ప్రాసెసర్ ఇంటరప్ట్‌ను అందిస్తూ గెస్ట్ స్టాక్ మీద విలువలు రాస్తున్న క్షణంలోనే, ఆ పేజీ హోస్ట్ దగ్గర మ్యాప్ అయి లేదని తేలవచ్చు. అప్పుడు డెలివరీ సగంలో ఆగి నియంత్రణ హైపర్‌వైజర్‌కు తిరిగి వస్తుంది. ఆగిపోయిన ఇంటరప్ట్ వివరాలను ప్రాసెసర్ మరో ఫీల్డ్‌లో భద్రపరుస్తుంది. హైపర్‌వైజర్ దాన్ని గమనించి మళ్లీ ఇంజెక్ట్ చేయకపోతే ఆ ఇంటరప్ట్ శాశ్వతంగా పోయినట్టే. అందుకే ఈ కోడ్‌లో ఇంకా మొదలుకాని ఇంటరప్ట్ వేరు, మొదలై సగంలో ఆగినది వేరు. మొదటిదాన్ని పెండింగ్ అనీ, రెండోదాన్ని ఇంజెక్టెడ్ అనీ అంటారు.

కోడ్‌లో కనిపించని కారణం

సాధారణ ప్రోగ్రాముల్లో కామెంట్ తప్పయినా కోడ్ చదివితే అసలు సంగతి తెలిసిపోతుంది. ఇంటరప్ట్ కోడ్‌లో ఆ వెసులుబాటు ఉండదు. దీనికి వీసీపీయూ గెస్ట్‌లోకి వెళ్లే ముందు జరిగే చిన్న వ్యవహారమే మంచి ఉదాహరణ.

వీసీపీయూ ముందుగా తాను గెస్ట్ మోడ్‌లోకి వెళ్తున్నట్టు ఒక వేరియబుల్‌లో రాస్తుంది. ఆ తర్వాతే తన కోసం ఏవైనా రిక్వెస్టులు నమోదై ఉన్నాయా అని చూస్తుంది. అవతల ఇంటరప్ట్ పంపే కోర్ ముందు రిక్వెస్ట్‌ను నమోదు చేసి, ఆ తర్వాత వీసీపీయూ ఏ మోడ్‌లో ఉందో చూస్తుంది. అది గెస్ట్ మోడ్‌లో కనిపిస్తే దాన్ని కదిలించడానికి ఒక కోర్ నుంచి మరో కోర్‌కు వెళ్లే ఐపీఐ పంపుతుంది. రెండు వైపులా ముందు రాసి తర్వాత చూస్తే, కనీసం ఒక వైపు అయినా అవతలి రాతను చూసి తీరుతుంది. ఎవరో ఒకరు చూసి తర్వాత రాస్తే, ఇద్దరూ ఒకరినొకరు గమనించకుండా దాటిపోయే అవకాశం ఏర్పడుతుంది. ఇంటరప్ట్ నమోదై ఉంటుంది, కానీ వీసీపీయూ ఇంకేదో కారణంగా బయటకు వచ్చేదాకా దాని సంగతి ఎవరికీ పట్టదు.

క్రమం పాటించే విషయంలో గట్టిదని పేరున్న ఎక్స్86 ప్రాసెసర్ సైతం, ఒక చోట రాసిన తర్వాత మరో చోట చదవాల్సి ఉంటే, చదవడాన్ని ముందుకు జరపగలదు. అందుకే ఆ రెండు పనుల నడుమ, వాటి క్రమం మారకుండా ఆపే మెమరీ బ్యారియర్ ఉంటుంది. కోడ్‌లో అది ఒక్క వరుస. ఆ వరుస ఏ రాతకూ ఏ చదువుకూ మధ్య క్రమాన్ని కాపాడుతోందో, అవతలి వైపు దానికి జోడీగా ఏ ఫంక్షన్‌లో మరో బ్యారియర్ ఉందో ఆ వరుసను ఎంతసేపు చూసినా తెలియదు. కేవీఎంలో వీసీపీయూను గెస్ట్‌లోకి పంపే ఫంక్షన్‌లో ఈ సంగతిని ఒక పొడవైన కామెంట్ చెబుతుంది. మోడ్ రాసిన తర్వాతే రిక్వెస్టులు ఎందుకు చూడాలో, పోస్టెడ్ ఇంటరప్ట్‌ల (వీటి సంగతి కింద వస్తుంది) విషయంలో జోడీ ఎక్కడుందో అందులో ఉంటుంది. ఆ కామెంట్‌ను చెరిపేసినా కంపైలర్‌కు తేడా ఉండదు, పరీక్షలన్నీ పాసవుతాయి. తర్వాత వచ్చిన ప్రోగ్రామర్‌కు మాత్రం ఆ బ్యారియర్ అనవసరమనిపించవచ్చు. దాన్ని తీసేసినా పరీక్షల్లో పట్టుబడుతుందన్న భరోసా లేదు, ఎందుకంటే రెండు కోర్లు సరిగ్గా ఆ సన్నని వ్యవధిలో తారసపడితేనే లోపం బయటపడుతుంది. ఇలాంటి చోట కామెంట్‌ను కోడ్‌లో భాగంగానే లెక్కించాలి.

హార్డ్‌వేర్ మారితే నిజం షరతులతో కూడుతుంది

కామెంట్ రాసిన నాడే తప్పుగా ఉండటం అరుదు. ఎక్కువ సందర్భాల్లో అది రాసిన రోజున అక్షరాలా నిజం. ఆ నిజానికి ఆధారమైన పరిస్థితి తర్వాత మారుతుంది.

ఇంటెల్ వీటీ-ఎక్స్ 2005లో వచ్చినప్పుడు, గెస్ట్‌కు ఇంటరప్ట్ అందించడమంటే హైపర్‌వైజర్ ప్రవేశ సమయంలో ఇంజెక్ట్ చేయడమే. తర్వాతి తరాల ప్రాసెసర్లలో ఇంటెల్ ఏపిక్‌వీ, ఏఎండీ ఏవిక్ అనే సౌకర్యాలు వచ్చాయి. ఏపిక్‌వీలోని పోస్టెడ్ ఇంటరప్ట్ విధానంలో, పంపే కోర్ 64 బైట్ల డిస్క్రిప్టర్‌లోని 256 బిట్ల పట్టికలో వెక్టర్‌కు గుర్తు పెట్టి, ఒక ప్రత్యేక నోటిఫికేషన్ వెక్టర్‌ను పంపుతుంది. గెస్ట్ కోడ్‌ను నడుపుతున్న ప్రాసెసర్ ఆ గుర్తులను తానే నమూనా ఐఆర్‌ఆర్‌లోకి మార్చి ఇంటరప్ట్‌ను అందిస్తుంది. గెస్ట్ ఆగదు, హైపర్‌వైజర్ జోక్యం ఉండదు.

ఈ ఒక్క మార్పుతో ఎన్ని పాత వాక్యాలు కదిలిపోతాయో చూడవచ్చు. ఇంటరప్ట్ గెస్ట్‌లోకి ప్రవేశించేటప్పుడే అందుతుందన్నది ఇప్పుడు ఏపిక్‌వీ పనిచేయనప్పుడు మాత్రమే నిజం. పెండింగ్ ఇంటరప్ట్‌లన్నీ ఐఆర్‌ఆర్‌లో ఉంటాయన్నదీ అంతే, ఎందుకంటే కొన్ని డిస్క్రిప్టర్ పట్టికలోనే ఉండి ఐఆర్‌ఆర్‌కు ఇంకా చేరకపోవచ్చు. గెస్ట్ రాసే ప్రతి ఈఓఐ హైపర్‌వైజర్ దృష్టికి వస్తుందన్నది కూడా చెల్లదు. 256 బిట్ల ఈఓఐ పట్టికలో గుర్తు పెట్టిన వెక్టర్లకు మాత్రమే ఇప్పుడు నియంత్రణ హైపర్‌వైజర్‌కు వస్తుంది. లెవెల్ ట్రిగర్డ్ ఇంటరప్ట్‌ల కోసం, అంటే పరికరం లైను ఎత్తి ఉంచినంతసేపూ కొనసాగే వాటి కోసం, ఆ గుర్తులు పెడతారు, మిగిలిన వాటి ఈఓఐని ప్రాసెసరే చూసుకుంటుంది.

ఏపిక్‌వీ ఉన్న యంత్రంలో అది ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుందనుకోవడం కూడా సరికాదు. ఉదాహరణకు, విండోస్ గెస్ట్‌ల కోసం అందించే హైపర్-వి తరహా ఇంటరప్ట్ కంట్రోలర్‌లో ఆటో ఈఓఐ అనే సౌకర్యాన్ని గెస్ట్ వాడుకుంటే, నడుస్తున్న మెషీన్‌లోనే కేవీఎం ఏపిక్‌వీని ఆపేస్తుంది. అంటే ఒకే గెస్ట్ ఒక నిమిషం ఒక దారిలో, మరో నిమిషం ఇంకో దారిలో ఇంటరప్ట్‌లు అందుకోవచ్చు. షరతు చెప్పని కామెంట్ ఇక్కడ సగం వేళల్లో నిజం, సగం వేళల్లో అబద్ధం. పూర్తిగా తప్పయిన దానికన్నా ఇది ప్రమాదకరం, ఎందుకంటే తనిఖీ చేసినవారి యంత్రంలో అది నిజమనే తేలవచ్చు.

పదాల అర్థాలు కూడా కోడ్‌తోపాటు కదులుతాయి. కేవీఎంలో ఎక్సెప్షన్లకు (నడుస్తున్న ఆదేశం వల్లే ప్రాసెసర్‌లో తలెత్తే అంతరాయాలకు) పెండింగ్, ఇంజెక్టెడ్ అనే రెండు దశలను విడదీసింది 2017లోనే. అంతకు ముందు రాసిన ఏ కామెంట్‌లోనైనా పెండింగ్ అన్న మాట ఉంటే, అది ఏ దశను ఉద్దేశించిందో కోడ్ చరిత్ర తిరగేస్తే తప్ప చెప్పలేం.

పేర్ల మార్పు చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ అదీ ఇలాంటిదే. పెండింగ్ ఘటనలను ఇంజెక్ట్ చేసే ప్రధాన ఫంక్షన్‌కు 2022లో పేరు మార్చారు. పాత పేరుతో ఎక్కడైనా పిలుపు మిగిలిపోతే కంపైలర్ ఊరుకోదు. పాత పేరును చూపిస్తూ కామెంట్ మిగిలిపోతే దానికి పట్టదు. ఫైళ్లు చోటు మారినప్పుడూ ఇంతే. ఆర్మ్ ప్రాసెసర్ల కేవీఎం కోడ్ 2020లో ఉమ్మడి డైరెక్టరీ నుంచి ఆర్మ్64 డైరెక్టరీలోకి మారింది. ఫలానా ఫైలు చూడండి అని పాత దారి చెప్పే వాక్యం ఆ రోజు నుంచి ఎటూ తీసుకెళ్లదు.

సున్నాకు రెండు అర్థాలు

ఫంక్షన్ తిరిగి ఇచ్చే విలువను వివరించే కామెంట్ ఎంత బరువు మోస్తుందో కేవీఎంలోనే కనిపిస్తుంది. ఇంటరప్ట్ లైనును కదిలించే ఉమ్మడి ఫంక్షన్ మీద ఉన్న కామెంట్ మూడు సంగతులు చెబుతుంది. విలువ సున్నా కన్నా తక్కువైతే ఇంటరప్ట్‌ను పట్టించుకోలేదని, బహుశా అది మాస్క్ అయి (రాకుండా ఆపి) ఉందని అర్థం. సున్నా అయితే అంతకుముందు పంపిన అదే ఇంటరప్ట్ ఇంకా పెండింగ్‌లో ఉన్నందున కొత్తది దానిలో కలిసిపోయిందని అర్థం. సున్నా కన్నా ఎక్కువైతే అది ఎన్ని ప్రాసెసర్లకు అందిందో ఆ సంఖ్య. మరోవైపు లోకల్ ఏపిక్ ఫైలులో ఇంటరప్ట్‌ను స్వీకరించే లోపలి ఫంక్షన్ మీద ఉన్న కామెంట్ రెండే చెబుతుంది: చేర్చగలిగితే ఒకటి, వదిలేస్తే సున్నా.

ఒకే దారిలోని రెండు ఫంక్షన్లలో సున్నా ఒకచోట కలిసిపోవడం, మరోచోట వదిలేయడం. ఈ తేడా పట్టింపు లేనిది కాదు. గెస్ట్‌లోని గడియారం టిక్కుల లెక్కమీద నడుస్తున్నప్పుడు, కలిసిపోయిన ప్రతి టిక్కునూ గుర్తుంచుకుని తర్వాత మళ్లీ పంపాలి, లేకపోతే గెస్ట్ సమయం వెనకబడుతుంది. మాస్క్ చేసిన ఇంటరప్ట్‌ను అలా మళ్లీ పంపకూడదు. ఈ రెండింటినీ విడదీసేది ఒక పూర్ణాంకం గుర్తు మాత్రమే. దాని అర్థాన్ని కంపైలర్ తనిఖీ చేయదు, కామెంట్ మాత్రమే చెబుతుంది. ఇలాంటి చోట ఒక్క పదం పాతబడినా, దాన్ని నమ్మి రాసిన కొత్త కోడ్ గెస్ట్ గడియారాన్ని తప్పుదారి పట్టించగలదు.

నష్టం ఎవరి మీద పడుతుంది

శ్రీరాంసాగర్ ఆయకట్టులో వారబందీ వంతులు మారిన తర్వాత కూడా తూము దగ్గర పాత సీజను వంతుల బోర్డు అలాగే ఉంటే, కాల్వలో నీళ్లకూ తూము తలుపుకూ ఏ లోపమూ లేకుండానే చివరి ఆయకట్టు రైతు తన వంతు కోల్పోతాడు. పాతబడిన కామెంట్ నష్టమూ అలాంటిదే. కోడ్ బాగానే నడుస్తుంది, దాన్ని మార్చినవారికి ఏ ఇబ్బందీ రాదు, ఆ మాటను నమ్మి తర్వాత మార్పు చేసినవారు చిక్కుకుంటారు.

ఆ చిక్కు ఇంటరప్ట్ కోడ్‌లో రకరకాలుగా బయటపడుతుంది. లైను మారిన క్షణంలో ఒక్కసారే వచ్చే ఎడ్జ్ ట్రిగర్డ్ ఇంటరప్ట్ ఒక్కటి పోతే గెస్ట్‌లోని నెట్‌వర్క్ కార్డు డేటా ఉన్నా నిద్రపోవచ్చు. లెవెల్ ట్రిగర్డ్ ఇంటరప్ట్ విషయంలో వ్యవహారం తిరగబడుతుంది. లైను దించకుండా ఈఓఐ జరిగితే అదే ఇంటరప్ట్ వెంటనే మళ్లీ వస్తుంది, అలా ఆగకుండా వస్తూ గెస్ట్‌ను ముంచెత్తగలదు. నిజమైన పరికరాన్ని నేరుగా గెస్ట్‌కు అప్పగించినప్పుడు, హోస్ట్ ఆ లైనును మాస్క్ చేసి, గెస్ట్ ఈఓఐ రాసిన కబురు అందాకే దాన్ని తిరిగి తెరుస్తుంది. ఈ కబురు ఎవరు, ఎప్పుడు పంపాలో చెప్పే కామెంట్ తప్పయితే పరికరం మొదటి ఇంటరప్ట్ తర్వాత మూగబోతుంది. అద్దె సర్వర్ వాడుతున్న వారికి ఇవన్నీ ఒకే రకంగా కనిపిస్తాయి: మెషీన్ కాసేపు స్పందించలేదు, తర్వాత దానంతట అదే బాగైంది. గెస్ట్‌లో ప్రోక్ డైరెక్టరీలోని ఇంటరప్ట్స్ ఫైలును కొన్ని సెకన్ల తేడాతో రెండుసార్లు చూస్తే ఏ వరుస లెక్క ఆగిపోయిందో, ఏది అతిగా పెరుగుతోందో తెలుస్తుంది. కానీ కారణం హోస్ట్ వైపు ఉంటుంది.

యంత్రం పట్టగలిగేది, మనిషి చూడాల్సింది

పనిముట్లు కొంత పని చేస్తాయి. ఫంక్షన్లను వివరించడానికి వాడే కెర్నల్ డాక్ పద్ధతిలో రాసిన కామెంట్‌లో పారామీటర్ పేరు తప్పితే, తనిఖీలను పెంచి బిల్డ్ చేసినప్పుడు హెచ్చరిక వస్తుంది. మెమరీ బ్యారియర్ పక్కన కామెంట్ లేకపోతే, ప్యాచ్‌లను తనిఖీ చేసే చెక్‌ప్యాచ్ అడుగుతుంది. ఈ రెండూ పేర్లనూ ఉనికినీ మాత్రమే చూస్తాయి, అందులో రాసిన మాట నిజమో కాదో చూడవు.

అర్థాన్ని తనిఖీ చేసే ప్రయత్నాలూ జరిగాయి. 2007లో ఇలినాయ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు లినక్స్, మొజిల్లా, వైన్, అపాచీల కామెంట్ల నుంచి నియమాలను స్వయంచాలకంగా వెలికితీసి కోడ్‌తో పోల్చారు. లాక్ (ఒకేసారి ఒక్కరే వాడేలా చూసే తాళం) పట్టుకున్నాకే పిలవాలి వంటి నియమాలవి. పొంతన లేని చోట్లు 60 దొరికాయి. వాటిలో 27 చోట్ల కామెంట్ తప్పు, 33 చోట్ల తప్పు కోడ్‌లోనే ఉంది. 2011లో అదే కోవలో, ఇంటరప్ట్‌లు ఆపి ఉండాలా తెరిచి ఉండాలా అన్న నియమాలను కామెంట్లనుంచీ కోడ్ నుంచీ సేకరించిన మరో పరిశోధన లినక్స్‌లో అంతవరకు తెలియని బగ్గులను పట్టుకుంది.

2007 నాటి ఆ లెక్క కొత్తగా ప్యాచ్‌లు పంపేవారికి చాలా ముఖ్యం. పొంతన కుదరనప్పుడు కామెంట్‌నే తప్పనుకుని, కోడ్ చేస్తున్నదానికి అనుగుణంగా దాన్ని తిరగరాయడం తేలిక. కోడ్ తప్పయిన సందర్భంలో అలా చేస్తే, బగ్గు ఉందని చెప్పే ఏకైక సాక్ష్యాన్ని చెరిపేసినట్టవుతుంది. కాబట్టి ముందు చరిత్ర చూడాలి. ఆ వరుసలను ఏ కమిట్ (నమోదైన మార్పు) ఎప్పుడు మార్చిందో, కోడ్ చరిత్రను భద్రపరిచే గిట్ చూపిస్తుంది. కోడ్ మారి కామెంట్ మారని కమిట్ దొరికితే, అందులోని సందేశం ఆ మార్పు ఉద్దేశపూర్వకమో కాదో చెబుతుంది. కమిట్ సందేశానికి తేదీ ఉంటుంది, అది ఆనాటి మాటగానే నిలిచిపోతుంది. కామెంట్‌కు తేదీ ఉండదు, అది ఎప్పుడూ ఇప్పటి మాటలాగే వినిపిస్తుంది. అందుకే ఒకదాన్ని మరొకదానితో సరిచూడాలి.

నిలబడే కామెంట్ ఎలా ఉంటుంది

కామెంట్‌లో చెప్పే సంగతిని కోడ్‌గా మార్చగలిగితే మార్చడమే మేలు. ఫలానా లాక్ పట్టుకున్నాకే పిలవాలన్న వాక్యం బదులు, లాక్ పట్టుకున్నారో లేదో కెర్నల్ నడుస్తుండగా చూసే లాక్‌డెప్ అసర్షన్ పెడితే, ఆ తనిఖీని ఆన్ చేసిన కెర్నల్‌లో నియమం తప్పిన వెంటనే హెచ్చరిక వస్తుంది. డిస్క్రిప్టర్ 64 బైట్లే ఉండాలన్న మాటను బిల్డ్ సమయంలో తనిఖీ చేసే వరుసగా రాయవచ్చు. అప్పుడు ఆ మాట పాతబడితే కంపైల్ కాదు. ఇలా మార్చలేనివి మిగులుతాయి, ముఖ్యంగా క్రమానికి కారణాలు. వాటికి కామెంటే గతి.

కేవీఎం ఎక్స్86 విభాగానికి 2023లో చేర్చిన మెయింటైనర్ మార్గదర్శకాలు ఈ విషయంలో సూటిగా ఉన్నాయి. కోడ్ అక్షరాలా చేసే పనిని కామెంట్‌లో తిరిగి చెప్పవద్దనీ, మొత్తం ఆలోచననూ ఎందుకు అలా చేస్తోందన్నదాన్నీ చెప్పమనీ అవి కోరతాయి. ఇంటెల్, ఏఎండీ మాన్యువళ్ల సెక్షన్ నంబర్లను ఉదహరించవద్దంటాయి, ఎందుకంటే ఆ మాన్యువళ్ల అమరిక తరచూ మారుతుంది, నంబర్లు నిలకడగా ఉండవు. తప్పనిసరైతే సెక్షన్ పేరుతో ప్రస్తావించి, అవసరమైన భాగాన్ని అక్కడే ఉంచమంటాయి. ఎందుకన్నది చెప్పే కామెంట్ ఎక్కువకాలం నిలుస్తుందనడానికి కారణముంది. ఎలా అన్నది ప్రతి ప్యాచ్‌తోనూ మారవచ్చు, ఎందుకన్నది డిజైన్ మారితే తప్ప మారదు. ఇంటరప్ట్ కోడ్‌లో దానికి షరతును కూడా జోడించాలి. ఏపిక్‌వీ పనిచేస్తున్నప్పుడా, లేనప్పుడా, లెవెల్ ట్రిగర్డ్‌కు మాత్రమేనా అన్నది అదే వాక్యంలో ఉండాలి.

ఇక కామెంట్‌ను మాత్రమే దిద్దే ప్యాచ్ విలువ సంగతి. స్పెల్లింగ్ దిద్దడం ఒక పని, అర్థాన్ని దిద్దడం మరో పని, ఈ రెండింటినీ ఒకే ప్యాచ్‌లో కలిపితే సమీక్షించేవారికి రెండోది కనపడదు. అర్థాన్ని దిద్దే ప్యాచ్‌లో పాత మాట ఏ కమిట్ వరకు నిజమో, ఏ మార్పుతో తప్పిందో, కోడ్ సరైనదేనని ఎలా తేల్చుకున్నారో రాస్తే అది నిజమైన ఇంజినీరింగ్ పనే. వరంగల్, కరీంనగర్ కళాశాలల్లో ఫైనలియర్ విద్యార్థి ఒక బ్యారియర్ కామెంట్‌ను ఇలా రుజువులతో దిద్దగలిగితే, ఆ విద్యార్థికి ఆ కోడ్ అర్థమైనట్టే.

విడుదలైన కెర్నళ్లకు దిద్దుబాట్లు అందించే లినక్స్ స్టేబుల్ శాఖల నియమాలు స్పెల్లింగ్ దిద్దుబాట్ల వంటి, వాడుకరికి ప్రయోజనం లేని చిన్న మార్పులను స్వీకరించవు. కామెంట్ మాత్రమే దిద్దిన ప్యాచ్ కూడా చాలావరకు ప్రధాన శాఖ అయిన మెయిన్‌లైన్‌లోనే ఆగిపోతుంది. అందువల్ల డిస్ట్రిబ్యూషన్లు ఏళ్లతరబడి నడిపే పాత కెర్నళ్లలో, తప్పని తేలి మెయిన్‌లైన్‌లో దిద్దిన కామెంట్లు పాత రూపంలోనే కొనసాగుతాయి. తమ సర్వర్‌లోని కెర్నల్ సోర్స్ తెరిచి ఇంటరప్ట్ కోడ్ చదివేవారు, అందులోని కామెంట్‌ను ఆధారం చేసుకునే ముందు ఇప్పటి మెయిన్‌లైన్‌లో అదే చోట ఏముందో చూసుకోవడం అవసరం.